ప్రయాణపు గంటలు ఎవరి లెక్కలోవి?

 

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమైన నాటి నుండి మన బస్తీల దినచర్య మారిపోయింది. విమానానికి రాత్రీ పగలూ లేవు గనుక, దాన్ని నమ్ముకొన్న వారికీ లేవు. పహాడీ షరీఫ్, జల్‌పల్లి, బండ్లగూడ, ఆరాంఘర్ ప్రాంతాల నుండి సరుకు దించేవారు, శుభ్రపరిచేవారు, కాపలాదారులు, కార్లు నడిపేవారు వేళగాని వేళల్లో అటు సాగుతుంటారు. మనం ఫజ్ర్ నమాజుకు మస్జిదు చేరేసరికి వారిలో కొందరు డ్యూటీ ముగించుకొని వస్తుంటారు, మరికొందరు వెళ్లి గంటయి ఉంటుంది. ఎనిమిది గంటల జీతానికి పన్నెండు గంటలు పోతున్నాయే, మధ్యలో కరిగిపోయే ఆ గంటల గురించి ధర్మం ఏమంటుంది అన్నది వారి ప్రశ్న.

మూసా (అలైహిస్సలాం) మద్‌యన్‌లో కొలువు కుదిరిన వృత్తాంతాన్ని దివ్య ఖుర్ఆన్ 'అల్ ఖసస్' సూరాలో తెలుపుతుంది. ఎనిమిదేళ్ల పని అని ఒప్పందం. పదేళ్లు పూర్తిచేయడం మూసా ఇష్టం. ఆయనను కష్టపెట్టే ఉద్దేశం తనకు లేదని ఆ వృద్ధ యజమాని ముందే స్పష్టం చేశాడు. గమనించండి, కాలం ముందే నిర్ణయమైంది. అదనం పనివాడి ఔదార్యమైందే గాని యజమాని హక్కు కాలేదు. తరువాతి షిఫ్టువాడు రాలేదని ఉన్నవాణ్ణే నిలిపివేసే నేటి అలవాటును ఈ కొలతతో చూడవలసి ఉంటుంది. బానిసలపై సైతం శక్తికి మించిన పని మోపరాదని, మోపితే స్వయంగా తోడ్పడాలని ప్రవక్త ఆదేశించినట్లు బుఖారీలో ఉంది. స్వేచ్ఛాపరుడైన కార్మికుని సంగతి వేరే చెప్పాలా?

ఇక ప్రయాణం. అది యాతనలో ఒక భాగమని, నిద్రాహారాలకు మనిషిని దూరం చేస్తుందని, పని ముగియగానే ఇంటివారి వద్దకు త్వరపడాలని ప్రవక్త బోధించారు. దారి కూడా శరీరం నుండి వెల వసూలు చేస్తుందన్నమాట. ఆ వెల చెల్లించవలసింది ఎవరు?

ఫిఖహ్ పండితులు పనివారిని రెండు విధాలుగా విభజించారు. దర్జీ పదిమందికీ పనిచేస్తాడు, కుట్టిన బట్టకు కూలి తీసుకుంటాడు. ఇతడు 'అజీర్ ముష్తరక్'. నిర్ణీత కాలం ఒకే యజమానికి కట్టుబడినవాడు 'అజీర్ ఖాస్'. హనఫీ పండితుల ప్రకారం ఇతడు తనను యజమానికి అప్పగించుకొని సిద్ధంగా ఉంటే చాలు, పని చెప్పకపోయినా ఆ కాలానికి వేతనం స్థిరపడుతుంది. కనుక ఇంటి నుండి పనిచోటికి తనంత తాను వెళ్లే దారికి, ఒప్పందంలో లేనప్పుడు, వేతనం కోరే హక్కు నిలవదని నా అభిప్రాయం. కాని హాజరు వేయించుకొని ఒక గోదాము నుండి మరొక గోదాముకు పంపితే ఆ దారి పనే. సరుకు వచ్చేదాకా షెడ్డులో కూర్చోబెడితే ఆ నిరీక్షణా పనే. 2015లో యూరోపియన్ న్యాయస్థానం, స్థిరమైన కార్యాలయం లేని పనివారు ఇంటి నుండి తొలి వినియోగదారుని వద్దకు చేసే ప్రయాణం పనివేళలోనిదేనని తీర్పు చెప్పింది. మన ఫుఖహాల తర్కానికి అది చాలా దగ్గర.

క్యాబ్ డ్రైవర్ల సంగతి ఇంత సులభం కాదు. 2025 మార్చిలో హైదరాబాద్ డ్రైవర్లు యాప్‌ల ద్వారా వచ్చే విమానాశ్రయ ప్రయాణాలను బహిష్కరిస్తామని ప్రకటించారు. కిరాయి తక్కువ, పైగా తిరుగు ప్రయాణికుడు దొరకని నాడు నగరందాకా ఖాళీ బండి. ఆ ఇంధనం వారిదే, ఆ కాలమూ వారిదే. వారు ముష్తరక్ కోవలోని వారు గనుక ఖాళీ దారికి విడిగా కూలి అడగడం కష్టం. అయితే కిరాయిని ఒక పక్షమే నిర్ణయించి, రెండవ పక్షానికి ఒప్పుకోవడం తప్ప మార్గం లేకుండా చేస్తే, ఖుర్ఆన్ కోరిన పరస్పర సమ్మతి అక్కడ ఎంత మిగిలిందన్నది ఆలోచించవలసిన విషయం.

దేశ చట్టం వారానికి 48 గంటల పరిమితి పెట్టింది, అదనపు గంటలకు రెట్టింపు వేతనం విధించింది. ఈఎస్ఐలో ఉన్నవారు మరొకటి తెలుసుకోవాలి. 2010 సవరణతో మొదలైన నిబంధన ప్రకారం ఇంటికీ డ్యూటీకీ మధ్య దారిలో జరిగిన ప్రమాదం, పనితో దానికి గల సంబంధం రుజువైతే, పనిలో తగిలిన గాయంగానే పరిగణించబడుతుంది. తెల్లవారుజామున మోటారు సైకిలుపై వెళ్లేవారి ఇంట్లో ఈ మాట అందరికీ తెలిసి ఉండాలి.

మనలోనూ యజమానులున్నారు. మనుషులను సరఫరా చేసే కాంట్రాక్టర్లున్నారు. అంతెందుకు, ఫజ్ర్‌కు ముందు తలుపు తెరిచి ఇషా తరువాత మూసే మన ముఅజ్జిన్‌కు మస్జిదు కమిటీలు ఏ పనివేళలు నిర్ణయించాయి?

అప్పు వ్యవహారాన్ని రాసుకోమని 'అల్ బఖరా' సూరా ఆజ్ఞాపించింది. చెల్లించని కూలి కూడా అప్పే. కార్మికుడు ఒక చిన్న పుస్తకంలో తేదీ, హాజరు వేసిన వేళ, ఎక్కడినుండి ఎక్కడికి పంపారో, విడిచిపెట్టిన వేళ నాటికి నాడే రాసుకోవాలి. యజమాని వద్ద మర్యాదగా మాట్లాడేటప్పుడైనా, అది ఫలించక కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లేటప్పుడైనా ఆ పుస్తకమే వెంట ఉండాలి.