పేరు చెరిపేస్తే చాలా?

మీ బడి రిజిస్టరులో పేర్లు చెరిపేసి పుట్టిన తేదీ, ఊరు, తండ్రి వృత్తి మాత్రం ఉంచారనుకుందాం. ఎవరు ఎవరో పోల్చలేరా? కాసేపు కూర్చుంటే చాలామందిని పట్టేస్తారు!

వ్యాపార సంస్థల దగ్గరుండే మన వివరాలకూ ఇదే చిక్కు. అమెరికాలో అప్పట్లో సినిమాలు అద్దెకిచ్చిన నెట్‌ఫ్లిక్స్ సంస్థ 2006లో ఒక పోటీ పెట్టింది. ఎవరికి ఏ సినిమా నచ్చుతుందో తనకన్నా బాగా ఊహించే పద్ధతి కనిపెడితే 10 లక్షల డాలర్ల బహుమతి. అందుకోసం సుమారు 4 లక్షల 80 వేలమంది చందాదారులు సినిమాలకు వేసిన 10 కోట్ల మార్కులను బయటపెట్టింది. పేర్లకు బదులు నంబర్లు వేశాం కదా, భయమేముందనుకుంది.

ఆ ధీమా తప్పని టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన అరవింద్ నారాయణన్, విటాలీ ష్మాటికోవ్ 2008లో చూపించారు. ఎలాగంటారా? పేరుపొందిన సినిమాలు అందరూ చూస్తారు. కాని ఎవరు ఏయే సినిమాలు, ఎప్పుడు చూశారన్న వరుస మాత్రం వేలిముద్ర లాంటిది. ఎనిమిది సినిమాలకు ఒకరు వేసిన మార్కులు తెలిస్తే, వాటిలో రెండు తప్పయినా, తేదీల్లో రెండు వారాల తేడా ఉన్నా, నూటికి 99 మంది విడిగా దొరికిపోతారు! చందాదారు మరోచోట తన పేరుతోనే సినిమాల మీద అభిప్రాయాలు రాసి ఉంటే, రెండూ పోల్చడమే తరువాయి. ఇంట్లో చూసిన సినిమాలను బట్టి మనిషి రాజకీయాలూ, నమ్మకాలూ ఊహించవచ్చు. అవి ఊరందరికీ తెలియాలా?

కేసు పడింది. 2010లో నెట్‌ఫ్లిక్స్ రెండో పోటీని మానుకుంది.

మరి ఉపాయం? పూర్తి తేదీకి బదులు సంవత్సరమే ఉంచడం ఒకటి. అంకెల్లో కావాలనే చిన్న చిన్న తప్పులు కలపడం ఇంకొకటి. మరీ ఎక్కువ కలిపితే లెక్కే చెడుతుంది. అందుకే ఎంత కలపాలో గణితం చేసి తేలుస్తారు.