ట్రక్కు లాగు ట్రాక్టరుకు ఏ కొలత టైరు వేయవలెను?

చెరకు నరకుట మొదలైనదనిన మా ప్రాంతమున రాత్రింబగళ్ళు ట్రాక్టర్ల రొద వినిపించుచునే యుండును. ఒకప్పుడు ఎడ్లబండ్లు మోసిన బరువును నేడు ట్రాక్టరు వెనుక తగిలించిన ట్రెయిలరు మోయుచున్నది. దీనిని కొందరు ట్రక్కు అనియు, కొందరు ట్రాలీ అనియు పిలుతురు. దున్నిన గంటలకంటె ట్రక్కు లాగిన గంటలే ఎక్కువైన ట్రాక్టర్లు మన గ్రామములలో చాల కలవు. వెనుక టైర్లు అరిగి క్రొత్తవి కొనవలసి వచ్చినపుడు రైతు తరచుగా అడుగు ప్రశ్న ఒక్కటే: "ఇంకొంచెం పెద్దవి వేస్తే బరువు బాగా లాగుతుంది గదా?" లాగదు. ఎందుచేత లాగదో, సరియైన టైరును ఎట్లు ఎంచుకొనవలెనో ఇచట వివరింతును.

కాలువగట్టు దగ్గర జరిగిన సంగతి

మా మండలములో ఒక రైతు ట్రాక్టరుకు వెనుక 13.6-28 కొలత టైర్లు ఉండెడివి. అవి అరిగిపోగా, చౌకగా వచ్చినవని 16.9-28 టైర్లను వాటి రిమ్ములతో సహా కొని బిగించెను. ట్రాక్టరు ఎత్తుగా, దిట్టముగా కనబడెను. ఖాళీ బండి రోడ్డుపై మునుపటికంటె వేగముగా పోవుటచూచి అందరును మెచ్చుకొనిరి.

మొదటి చెరకు బరువు వేసిననాడు అసలు సంగతి బయటపడినది. పొలమునుండి కాలువగట్టుపైకి ఎక్కు దారిని ఆయన ఏటేట ఏ గేరులో ఎక్కెడివాడో ఆ గేరులోనే ఎక్కించెను. సగము దూరము పోవుసరికి ఇంజను క్రుంగినది. క్లచ్చిని సగము నొక్కి లాగింపజూచెను. కాలిన వాసన వచ్చినది. అప్పుడు క్రింది గేరు వేయుటకు క్లచ్చి పూర్తిగా త్రొక్కెను. బండి నిలిచి, వెనుకకు జారసాగెను. బ్రేకులు బరువును ఆపలేకపోయినవి. ట్రక్కు అడ్డము తిరిగి దారి ప్రక్కకు ఒరిగినది. చక్రము వెనుక రాయి వేయుటకు నిలిచిన కుర్రవాడు ప్రక్కకు దుమికి ప్రాణము దక్కించుకొనెను.

మరునాడు నేను పోయినపుడు ఆ రైతు, "అయ్యా, టైరు పెద్దదైతే బలం పెరగాలి గదండీ! తగ్గిందేమిటి?" అని అడిగెను. అది అడుగదగిన ప్రశ్నయే.

పెద్ద టైరు, పెద్ద అంగ

బస్తా మోయు మనిషి మెట్లెక్కునపుడు చిన్న అడుగులు వేయును. అదే బస్తాతో రెండేసి మెట్లు ఒక్కసారి ఎక్కబోయినచో మోకాళ్ళు వణకును. ట్రాక్టరుకు టైరు ఒక్క చుట్టు తిరుగుట ఒక అడుగు వంటిది. టైరు పెద్దదైనకొలది ఆ అడుగు పెద్ద అంగ అగును. ఇంజను బలము మాత్రము పెరుగదు.

టైరుపై వ్రాసిన కొలతను చదువుట సులభము. 13.6-28 అనునపుడు మొదటి అంకె టైరు వెడల్పును, రెండవది రిమ్ము అడ్డుకొలతను అంగుళములలో తెల్పును. రిమ్ము కొలత 28 గానే యున్నను, వెడల్పు పెరిగినకొలది టైరు ఎత్తుకూడ పెరుగును. సామాన్యముగా 13.6-28 టైరు ఎత్తు సుమారు 131 సెంటీమీటర్లు, 14.9-28 ఎత్తు 136 లేక 137; 16.9-28 ఎత్తు 143 లేక 144. అనగా ఒక్క చుట్టుకు మొదటిది సుమారు 4.1 మీటర్లును, చివరిది సుమారు 4.5 మీటర్లును నడచును.

దీని ఫలితము మూడు విధములు. అదే గేరులో 10 కిలోమీటర్ల వేగమున పోవు బండి దాదాపు 11 కిలోమీటర్ల వేగమున పోవును. నేలపై లాగు శక్తి 100 పాళ్ళు ఉండవలసినది 91 పాళ్ళకు తగ్గును. బ్రేకు పట్టుకూడ అంతమేరకే తగ్గును. పెద్ద చక్రమును ఆపుటకు ఎక్కువ బిగింపు కావలెను. ఈ మూడవదానిని ఎవరును తలపరు. ఖాళీ బండితో రోడ్డుపై పోవునపుడు ఈ లోపము కనబడదు. నిండు బరువుతో ఎక్కుదారిలోనే బయటపడును.

జబ్బు ఏదో ముందు తెలిసికొనుడు

బండి లాగలేదనినపుడు కారణము రెండింటిలో ఒకటై యుండును. చక్రము ఉన్నచోటనే గిర్రున తిరుగుచున్నయెడల నేలపై పట్టు చాలలేదన్నమాట. టైరు పళ్ళు అరిగియుండవచ్చును, లేదా వెనుక చక్రములపై బరువు తక్కువై యుండవచ్చును. దీనికి క్రొత్త టైర్లు, తగిన బరువు దిమ్మలు మందు. చక్రము తిరుగక ఇంజను ఆగిపోవుచున్నను, క్లచ్చి జారుచున్నను, అది పట్టులోపము కాదు. బరువు ఎక్కువైనదో, గేరు ఎక్కువైనదో అయి యుండును. ఈ రెండవ జబ్బుకు పెద్ద టైరు వేయుట జ్వరమున్నవానికి చలినీళ్ళ స్నానము చేయించుటవంటిది.

వెడల్పు టైరు ఎచటను పనికిరాదని నా అభిప్రాయము కాదు. మెత్తని నేలలో, మాగాణి బురదలో అది తక్కువగా దిగబడును. నేలను తక్కువగా అణచును. పొలముపని ఎక్కువగా ఉండి, తయారీదారు ఆ కొలతను అనుమతించినయెడల వేయవచ్చును. ట్రక్కు లాగుటయే ముఖ్యమైనపుడు మాత్రము ట్రాక్టరుతో వచ్చిన కొలతయే ఉత్తమము.

కొనుటకు ముందు చూడవలసినవి

1. ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకమును తీసి, ఏయే కొలతలు అనుమతించిరో చూడుడు. అందులేని కొలత ఎంత చౌకగా వచ్చినను కొనరాదు. రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగా బండిని మార్చుట మోటారు వాహనముల చట్టరీత్యా కూడ తప్పగును.

2. రిమ్ము వెడల్పు టైరుకు తగియుండవలెను. ఇరుకు రిమ్ముపై వెడల్పు టైరు ఎక్కించినచో నడుమ ఉబ్బి, మధ్యభాగమే నేలను తాకి త్వరగా అరుగును. పట్టుకూడ తగ్గును.

3. నాలుగు చక్రములకును శక్తి అందు ట్రాక్టరైనయెడల ముందు, వెనుక టైర్లు జంటగా కుదిరియుండవలెను. ముందు చక్రములు నూటికి 1 నుండి 5 పాళ్ళు ఎక్కువగా నడచునట్లు గేర్లు అమర్చబడియుండును. వెనుక టైర్లను మాత్రమే పెంచినచో ఈ లెక్క తప్పి, టైర్లు ఈడ్చుకొనిపోవుటయేగాక గేర్లకు నష్టము కలుగును. గట్టి రోడ్డుపై ముందు చక్రముల శక్తిని విడదీసి నడుపుట మంచిది.

4. టైరు ప్రక్కన మోయదగిన బరువు, వేగము తెలుపు గుర్తులుండును. ఎ6 అనిన గంటకు 30 కిలోమీటర్లు, ఎ8 అనిన 40 కిలోమీటర్లు మించరాదని అర్థము.

5. ఒకే ఇరుసుకు ఒకవైపు క్రొత్త టైరు, రెండవవైపు అరిగిన టైరు వేయరాదు. ప్రక్కనున్న బాణపు గుర్తు బండి ముందుకు నడచునపుడు చక్రము తిరుగువైపునకు ఉండునట్లు బిగింపవలెను.

ట్రక్కు టైర్ల సంగతి

ట్రాక్టరు టైర్లపై చూపు శ్రద్ధను ట్రక్కు టైర్లపై చూపువారు తక్కువ. లెక్క చిన్నది. ట్రక్కు సొంత బరువు 1.5 టన్నులు, చెరకు 5 టన్నులు అనుకొనుడు. మొత్తము 6.5 టన్నులు. నాలుగు చక్రముల ట్రక్కైనచో ఒక్కొక్క టైరుపై 1,625 కిలోలు పడును. టైరుపై వ్రాసిన బరువు ఇంతకు తక్కువైనచో ఆ టైరు పనికిరాదు. గాలి ఎక్కువ కొట్టినంతమాత్రమున బలము రాదు. పగులుట మాత్రము దగ్గరపడును. రెండు చక్రముల ట్రక్కైనచో కొంత బరువు ట్రాక్టరు హుక్కుపై పడును. బరువును వెనుకకు ఎక్కువగా పేర్చినచో హుక్కు పైకి లేచి వెనుక చక్రముల పట్టు తగ్గును. ముందుకు ఎక్కువగా పేర్చినచో ట్రాక్టరు ముందుభాగము తేలిక అగును. రెండును ప్రమాదమే.

గాలిని ఉదయము టైర్లు చల్లగా ఉన్నపుడే కొలువవలెను. పొలములో తక్కువ, రోడ్డుపై బరువుతో పోవునపుడు ఎక్కువ ఉండవలెను. ఎంత ఉండవలెనో పుస్తకములోని పట్టిక చెప్పును.

సుద్దముక్కతో పరీక్ష

ఇదివరకే పెద్ద టైర్లు వేసియున్నవారు తమ బండి ఎంత మారినదో ఇంటివద్దనే తెలిసికొనవచ్చును. చదునైన నేలపై టైరు నేలను తాకుచోట టైరుకును, నేలకును సుద్దగీత పెట్టుడు. టైరుపై గీత మరల నేలను తాకువరకు బండిని నడిపి, అచట మరియొక గీత పెట్టి, మధ్యదూరమును టేపుతో కొలువుడు. పాత కొలత టైర్లున్న అటువంటి ట్రాక్టరుకును ఇట్లే చేయుడు. పాతది 4 మీటర్లు, క్రొత్తది 4.4 మీటర్లు వచ్చినదనిన అంగ నూటికి 10 పాళ్ళు పెరిగినదన్నమాట. పాత కొలత టైర్లు తిరిగి వేయువరకు బరువును కనీసము అంతమేరకైనను తగ్గింపవలెను.

నడుపువారికి నాలుగు మాటలు

ఎక్కుదారి మొదటనే క్రింది గేరు వేసికొనుడు, నడుమ మార్చరాదు. దిగునపుడును అదే గేరులో దిగవలెను. న్యూట్రలులో గాని, క్లచ్చి త్రొక్కిగాని దిగరాదు. రోడ్డుపై రెండు బ్రేకు పెడళ్ళను కలిపి కొక్కెము వేయుడు. ఎక్కుచున్న బండి వెనుక ఎవరిని నిలుపకుడు, రాయి వేయుటకైనను సరే.

ఆ రైతు తరువాత 13.6-28 టైర్లే క్రొత్తవి కొని వేసెను. బండికి ఎత్తు బరువును కొంత తగ్గించెను. అదే గట్టును అదే గేరులో సులభముగా ఎక్కుచున్నాడు. క్లచ్ ప్లేటుకు, ట్రక్కు మరమ్మతుకు అయిన ఖర్చు చూచుకొనగా, చౌకగా వచ్చిన టైర్లే ఆయనకు మిక్కిలి ఖరీదైనవి.

చెరకు నరుకుటకు ముందు గ్రామ అధికారులు ఒక ఉదయము ట్రాక్టరు యజమానులను, డ్రైవర్లను ఒకచోట చేర్చి టైర్లపై కొలతలు చదివింపవలెను. సుద్దముక్కతో ఈ పరీక్ష చేసి చూపవలెను. ఒక పూట పని. దానివలన ఏ గట్టు క్రిందనో నిలిచియుండు ఒక కుర్రవాని ప్రాణము దక్కవచ్చును.