క్యాజువాలిటీలో కోపం



శంషాబాద్ విమానాశ్రయంలో విమానం రెండు గంటలు ఆలస్యమైతే మనవాళ్ళు విసుక్కుంటారు, మహా అయితే కౌంటరు దగ్గర నాలుగు మాటలంటారు. చెయ్యెత్తితే చూసుకోడానికి సి.ఐ.ఎస్.ఎఫ్. జవాన్లున్నారక్కడ. అదే మనిషి, బెంగుళూరు రోడ్డు మీద దెబ్బ తగిలిన తమ్ముణ్ణి 108 బండిలో ఉస్మానియాకి తీసుకొచ్చాడనుకోండి, అరగంటలో ఎందుకు మారిపోతాడు?

ముందు పుట్టేది కోపం కాదండీ, భయం. లోపల ఏం జరుగుతోందో చెప్పేవారుండరు. పైగా తన తరువాత వచ్చినవాణ్ణి ముందు లోపలికి తీసుకుపోతారు. క్యాజువాలిటీలో వరస వచ్చిన వేళనుబట్టి కాదు, ప్రాణాపాయాన్నిబట్టి. అరుస్తున్నాడంటే ఊపిరి ఆడుతోందన్నమాట. మాట్లాడకుండా పడివున్నవాణ్ణే ముందు చూడాలి. ఈ ఒక్క సంగతి గుమ్మం దగ్గరే చెబితే సగం గొడవ తగ్గుతుంది.

2020లో కరోనా రోజుల్లో గాంధీ ఆసుపత్రిలో రోగి చనిపోతే బంధువులు డాక్టర్లను కొట్టారు. జూన్‌లో మళ్ళీ అదే జరిగేసరికి జూనియర్ డాక్టర్లు విధులు మాని బయట కూర్చున్నారు. 2024 సెప్టెంబరులో అక్కడే డ్యూటీలో ఉన్న ఒక డాక్టరమ్మ మీద రోగే చెయ్యి చేసుకున్నాడు. చట్టం లేక కాదు. శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన 2008లోనే వచ్చింది: మూడేళ్ళదాకా జైలు, యాభై వేలదాకా జరిమానా, బెయిలు హక్కుగా దొరకని నేరం, పగలగొట్టిన సామానుకు రెండింతల ఖరీదు. కాని చట్టం దెబ్బ పడ్డాక వచ్చే చుట్టం.

దెబ్బ పడకముందు చేయవలసింది సిబ్బంది చేతుల్లో కొంత ఉంది. గొంతు తగ్గించి మాట్లాడటం, రెండు చేతుల దూరంలో నిలబడటం, తలుపు దారి మూసుకుపోకుండా చూసుకోవడం, కత్తెరల ట్రే పక్కకు జరపడం. ఒంటరిగా వెళ్ళకూడదు. తిట్లు ముందు తినేది నర్సమ్మలూ, ఆయాలూ, గేటు దగ్గరి కాపలావాడూను. ఈ శిక్షణ వాళ్ళకీ ఇవ్వాలి. ఇంకో మాట. తిరగబడేవాడు అచ్చం రౌడీయే కానక్కరలేదు. రక్తంలో చక్కెర పడిపోయినా, తలకు దెబ్బ తగిలినా, రోజూ తాగేవాడికి మందు ఆగినా మనిషి అలాగే పిచ్చిగా కొట్టబోతాడు. వాడికి కావలసింది వైద్యం.

మనింటివాళ్ళను తీసుకెళ్ళినప్పుడు డాక్టరుతో మాట్లాడ్డానికి నిబ్బరంగా ఉండే ఒక్కరినే పెట్టుకోండి. పాత చీటీలు, వాడే మాత్రలు వెంట ఉంచుకోండి. తాగివచ్చిన బావగారు ఉంటే టీ కొట్టు దగ్గరే కూర్చోబెట్టండి. "మళ్ళీ ఎప్పుడు చెబుతారమ్మా?" అని నర్సును ఒక్కసారి అడిగి, ఆ వేళకే వెళ్ళండి.