ఆఫీసు గోడ మీద ఆ బొమ్మ ఉండొచ్చా?

ఆఫీసులో నగ్నచిత్రాలు వద్దంటే చాలు, 'మన గుళ్ల మీద లేవా?' అని ఎదురు ప్రశ్న వస్తుంది. నిజమే, ఉన్నాయి. రామప్ప గుడి మదనికలను నేను మా అమ్మతో, పిల్లలతో కలిసి నిలబడి చూశాను. ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు.

మరి ఆఫీసులో ఎందుకనిపిస్తుంది? గుడికైనా, మ్యూజియానికైనా మన ఇష్టంతో వెళ్తాం. నచ్చకపోతే రెండడుగులు ముందుకేస్తాం. ఆఫీసుకు వెళ్లేది పనికి. రోజుకు ఎనిమిది గంటలు అదే గోడ ఎదురుగా కూర్చోవాలి.

నేను మునుపు పనిచేసిన ఒక ఆఫీసు స్టోర్ రూంలో క్యాలెండర్ ఉండేది. నెలకో అమ్మాయి, బట్టలు నామమాత్రం. కాగితాల కోసం మేం లోపలికి వెళ్తే బయట కిసుక్కున నవ్వులు. బొమ్మకన్నా ఆ నవ్వులే ఎక్కువ బాధపెట్టేవి. నలుగురం కలిసి మేనేజరుగారికి చెబితే మర్నాడే తీయించారు. అదే ఆఫీసు వరండాలో బిడ్డకు పాలిస్తున్న తల్లి పెయింటింగ్ ఉండేది. దాన్ని తీసేయమని మాలో ఎవరమూ అడగలేదు.

నగ్నంగా ఉన్నంత మాత్రాన బొమ్మ అశ్లీలం కాదనీ, సందర్భాన్ని చూడాలనీ 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది పత్రికలో అచ్చయిన ఫొటో సంగతి. పనిచేసే చోటుకు లెక్క వేరు. 1997 నాటి విశాఖ తీర్పు, 2013లో వచ్చిన చట్టం బూతు బొమ్మలు చూపించడాన్ని లైంగిక వేధింపుల్లో చేర్చాయి. అమెరికాలోనూ 1991లో ఫ్లోరిడాలోని ఓ ఓడల కార్ఖానాలో వెల్డింగ్ చేసే లోయిస్ రాబిన్సన్, గోడల నిండా అలాంటి బొమ్మలు ఉండటంపై కోర్టుకెళ్లి గెలిచింది.

కాబట్టి బొమ్మ తగిలించే ముందు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలనిపిస్తుంది. ఇక్కడ దీనికేం పని? చూడకుండా పనిచేసుకునే వీలుందా? దాన్ని అడ్డం పెట్టుకుని ఎవరైనా ఆడవాళ్ల మీద జోకులేస్తున్నారా? మూడోదానికి 'అవును' అని జవాబొస్తే అది ఎంత గొప్ప కళాఖండమైనా అక్కడ ఉండకూడదు.

ముందు నోటిమాటగా చెప్పి చూడండి. వినకపోతే, పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అంతకన్నా చిన్న ఆఫీసైతే జిల్లా స్థాయి కమిటీ ఉంటుంది. జరిగిన మూడు నెలల్లోగా కాగితం మీద రాసివ్వాలి. తేదీలు రాసిపెట్టుకోవడం మాత్రం మరవకండి.