పళ్ళెం మోగిస్తే చాలదు

బిడ్డకు వినపడుతోందా లేదా అన్న అనుమానం వస్తే ఇంట్లో మొదట జరిగేది పళ్ళెం పరీక్ష. నానమ్మ స్టీలు పళ్ళెం మీద గరిటెతో ఠంగుమని కొడుతుంది. పాప ఉలిక్కిపడుతుంది. ‘చక్కగా వినపడుతోంది, మీకన్నీ అనుమానాలే’ అని ఆవిడ తీర్పు చెప్పేస్తుంది. పాప చూసింది గరిటె ఊపును కావచ్చు, ఉలిక్కిపడింది మంచం అదిరినందుకు కావచ్చు. పైగా అంత మోత వినపడినంత మాత్రాన మాట వినపడుతున్నట్టు కాదు.

ఇంకో మోసం బిడ్డే చేస్తుంది. పుట్టుచెవుడు ఉన్న పిల్లలు కూడా మొదటి నెలల్లో ‘ఉంగా’ అంటారు, మొహం చూసి కేరింతలు కొడతారు. ఆరు నెలలు దాటాక ఆ ఊసులు ‘తాతాతా, బాబాబా’ల్లోకి మారాల్సింది పోయి తగ్గుముఖం పడతాయి. అప్పుడు కూడా ‘వాళ్ళ నాన్నకూ మాటలు ఆలస్యమే’ అనే పెద్దవాళ్ళుంటారు. వస అరగదీసి నాలుకకు రాస్తారు. వసతో చెవిలోని లోపం పోదు. దాన్ని తేనెలో రంగరించి నాకిస్తే ఏడాదిలోపు బిడ్డకు బొటులిజం ముప్పు కూడా ఉంది. స్నానం చేయిస్తూ చెవుల్లో నూనె పోయడమూ మానాల్సిందే.

పుట్టే ప్రతి 1000 మందిలో ఒకరి నుంచి ముగ్గురికి వినికిడి లోపం ఉంటుంది. నెలలు నిండకుండా పుట్టి ఐసీయూలో ఉన్నవాళ్ళకూ, పుట్టగానే ఏడవనివాళ్ళకూ, రక్తం మార్చాల్సినంతగా కామెర్లు వచ్చినవాళ్ళకూ, మెనింజైటిస్ సోకినవాళ్ళకూ ముప్పు ఎక్కువ. జెంటామైసిన్ లాంటి మందులు ప్రాణం నిలబెడుతూనే కొందరి చెవిని దెబ్బతీస్తాయి.

పసివాళ్ళకు చేసే వినికిడి పరీక్ష చూడ్డానికి ఏమంత పెద్దది కాదు. పాలు తాగి నిద్రపోతున్న బిడ్డ చెవిలో రబ్బరు మొన ఉన్న చిన్న గొట్టం పెడతారు. అందులోంచి టిక్ టిక్ మని సన్నటి శబ్దాలు వెళతాయి. ఆరోగ్యంగా ఉన్న లోపలి చెవి వాటికి బదులుగా తానూ ఓ సన్నటి శబ్దం పంపుతుంది. చెవి వినడమే కాదు, పలుకుతుంది కూడా అని లండన్‌లో డేవిడ్ కెంప్ 1978లో చూపించాడు. ఆ బదులును మైకు పట్టుకోవడమే ఓఏఈ పరీక్ష. సూదీ లేదు, నొప్పీ లేదు. బిడ్డ కదలకుండా ఉంటే కొన్ని నిమిషాల్లో తెర మీద ‘పాస్’ అనో ‘రిఫర్’ అనో వస్తుంది.

రిఫర్ అని వస్తే చెవుడని కాదు. పుట్టిన ఒకటి రెండు రోజుల్లో చెవిలో ఉమ్మనీటి తడి, తెల్లటి జిగురు మిగిలి ఉన్నా, పాప గుక్కపట్టినా, గదిలో మోత ఎక్కువైనా అలాగే వస్తుంది. అలా వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మలిపరీక్షలో గట్టెక్కుతారు. ఈ సంగతి తల్లికి చెప్పాలి, ధైర్యం కోసం. చిక్కేమిటంటే ఆ ధైర్యమే ఒక్కోసారి కొంప ముంచుతుంది. ‘ఏం కాదులే’ అని ఆ ఫలితం చీటీని డిశ్చార్జి కాగితాల మధ్య పెట్టేస్తారు. పుట్టింట్లో నెలలు గడుస్తాయి, బారసాల అవుతుంది, అన్నప్రాసన అవుతుంది, మలిపరీక్ష మాత్రం జరగదు. చెవిలోని లోపం కంటే ఈ జాగే బిడ్డకు ఎక్కువ నష్టం చేస్తుంది.

నెలలోపు తొలి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు అన్నది వైద్యులు పెట్టుకున్న గడువు. అమెరికాలోని కొలరాడోలో క్రిస్టీన్ యోషినాగా-ఇటానో బృందం పరిశీలించినప్పుడు, ఆరు నెలలలోపు లోపం బయటపడిన పిల్లలు, ఆలస్యంగా బయటపడినవాళ్ళకంటే భాషలో బాగా ముందున్నారు. ఆ అధ్యయనం 1998లో అచ్చయింది.

నిర్ధారణకు చేసేది బెరా పరీక్ష. నుదుటి మీద, చెవుల వెనక తీగలు అంటించి, శబ్దం మెదడు కాండం దాకా చేరుతోందో లేదో చూస్తారు. బిడ్డ గాఢంగా నిద్రపోవాలి. అందుకే ఆస్పత్రికి వచ్చే దారిలో నిద్రపోనివ్వకండి అని చెబుతారు. ఆటో కుదుపుకే బజ్జునే పసివాళ్ళ విషయంలో అదెంత కష్టమో తల్లులకే తెలుసు! ఐసీయూలో ఉన్న పిల్లలకు మాత్రం ఓఏఈ పాసైనా బెరా చేయించాలి. కొందరిలో, ముఖ్యంగా కామెర్లు తీవ్రమైనవాళ్ళలో, లోపలి చెవి బాగానే ఉండి నరం దగ్గర శబ్దం చెదిరిపోతుంది.

‘చెవి బాగాలేదంటే గుండె పరీక్ష ఎందుకు?’ అని అడిగే తండ్రులున్నారు. అడగాల్సిన ప్రశ్నే. గర్భిణికి రుబెల్లా సోకితే బిడ్డ చెవితోపాటు కన్ను, గుండె కూడా దెబ్బతినవచ్చు. అరుదైన ఓ జన్యులోపంలో చెవుడుతోపాటు గుండె లయ తప్పుతుంది. దాన్ని ఈసీజీ పట్టిస్తుంది. చెవిని దెబ్బతీసే మరో వైరస్ సీఎంవీ. అది తల్లి కడుపులోనే సోకిందా అన్నది పుట్టిన 21 రోజుల్లోపు మూత్రమో లాలాజలమో పరీక్షిస్తేనే ఖాయంగా తేలుతుంది.

కారణం వెతికేటప్పుడు ఇంట్లో వేళ్ళన్నీ తల్లి వైపు తిరుగుతాయి. గ్రహణం నాడు బయటికి వచ్చిందనో, ఏదో తిన్నదనో. పుట్టుచెవుడులో జన్యువుల వాటా పెద్దది. చాలా రకాల్లో లోపమున్న జన్యువు అమ్మ, నాన్న ఇద్దరి నుంచీ వస్తేనే బిడ్డకు చెవుడు. ఇద్దరికీ చక్కగా వినపడుతూనే ఉంటుంది. మేనరికాల్లో ఆ జన్యువు రెండు వైపులా ఉండే అవకాశం పెరుగుతుంది.

లోపం తేలితే కొన్ని నెలల పసివాళ్ళకే చెవి మిషను పెడతారు. అసలు పని అప్పుడు మొదలవుతుంది. పాప దాన్ని పీకుతుంది, నోట్లో పెట్టుకుంటుంది. బిళ్ళ బ్యాటరీ మింగితే ప్రాణం మీదికి వస్తుంది, అందుకే తాళం ఉన్న మూత అడిగి తీసుకోవాలి. చెవి పెరిగేకొద్దీ మిషనును చెవిలో నిలిపే అచ్చు వదులై కీచుమంటుంది. కొన్ని నెలలకోసారి కొత్తది పోయించాలి. మిషనుతో లాభం లేనంత లోపమైతే సాధారణంగా ఏడాది వయసు ప్రాంతంలో, లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ గురించి ఆలోచిస్తారు. ఆపరేషన్ తర్వాత ఏళ్ళ తరబడి మాటల శిక్షణ ఉంటుంది. సైగల భాష నేర్పితే బిడ్డ మాట్లాడదన్న భయం అక్కర్లేదు. భాష ఏ దారిన వచ్చినా ముందు రావాలి.

ఖర్చుకు దారులున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పిల్లల ఇంప్లాంట్లకు డబ్బిచ్చింది. కేంద్రం ఏడిప్ పథకం కింద ఇస్తోంది. వినికిడి, మాట లోపాల మీద పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉంది. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వెతికే లోపాల్లో పుట్టుచెవుడు ఒకటి. ప్రతి పథకానికీ వయసు పరిమితి ఉంటుంది కాబట్టి ముందే కనుక్కోవాలి. చివరగా ఒక మాట. పుట్టినప్పుడు పరీక్షలో పాసైన పిల్లల్లోనూ కొందరికి, ముఖ్యంగా సీఎంవీ సోకినవాళ్ళకు, వినికిడి తర్వాత తగ్గవచ్చు. తొమ్మిది నెలలకు వెనకనుంచి పేరు పెట్టి పిలిచినా తిరక్కపోతే, పాత చీటీలో ఏముందన్నది పక్కనపెట్టి మళ్ళీ పరీక్ష చేయించాలి.