వ్రాతప్రతి నుండి గ్రంథము వరకు

తెలుగునేలకు పశ్చిమపు టంచున నున్న నారాయణఖేడు నాలుగు భాషలు కలిసిన తావు. 1956 వరకు బీదరు జిల్లాలో నుండి, రాష్ట్రముల పునర్విభజనతో మెదకు జిల్లాలో చేరి, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో భాగమైన యీ సీమలో తెలుగు మాటతో కన్నడము, మరాఠీ, ఉర్దూ ఇట్టే కలిసిపోవును. ఈ పలుకుబడి నెరిగిన ఉపాధ్యాయుడో, కళాశాల విద్యార్థియో పది పదిహేను కథలు వ్రాసి పెట్టెలో దాచుకొనుట అరుదు గాదు. ఆ కథలు పుస్తకమై వెలువడుటయే అరుదు. హైదరాబాదు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. అచట తెలిసిన ప్రచురణకర్త యెవరును ఉండరు. ఇట్టి స్థితిలో క్రొత్త రచయితకు త్రోవ యేది?

ముందుగా ఒక భేదము నెరుగవలెను. రచయిత తన సొమ్ముతో తానే అచ్చు వేయించుకొనుట ఒక పద్ధతి. తెలుగున ఇది చిరకాలముగా నున్నది. అందు తప్పు లేదు. ప్రచురణ సంస్థ ద్వారా గ్రంథము వెలువడుట వేరు. అందు ప్రచురణకర్త వ్రాతప్రతిని చదివి, యెన్నుకొని, కాగితము, కూర్పు, ముద్రణ, విక్రయముల భారమును తాను వహించి, అమ్మకమును బట్టి రచయితకు రాయల్టీ నిచ్చును. అనగా రచయితకు బంధువు గాని, మిత్రుడు గాని కాని యొకడు ఆ వ్రాతను నమ్మి తన సొమ్మును పెట్టును. ఆ పరాయివాని నమ్మకమును సంపాదించుటయే క్రొత్త రచయిత చేయవలసిన పని.

అచ్చు కాని వ్రాతకు లోకములో ఉనికి లేదనుటకు తెలంగాణమే సాక్ష్యము. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు పూజ్యమను మాట పుట్టినప్పుడు సురవరము ప్రతాపరెడ్డి వాదముతో సరిపెట్టుకొనలేదు. పలుతావుల కవుల రచనలను రప్పించి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించెను. అందు 354 మంది కవులు కనబడిరి. వారు సంచిక కొరకు పుట్టుకొని వచ్చినవారు కారు. అంతకు ముందే వ్రాసినవారు. వారి రచనలు పదుగురి కంటబడు విధముగా ఒకచోట అచ్చు కానందున, వారే లేరని లోకము తలచెను. వారిని లోకమునకు చూపినది ఒక సంపాదకుని శ్రమ.

సంపాదకుని వలెనే ప్రచురణకర్తకును రచయితలు కావలెను. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు హైదరాబాదున స్థాపించిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి చరిత్ర, శాస్త్ర విషయములపై తెలుగున పుస్తకములు వ్రాయించి ప్రకటించెను. నవలలకు పోటీలు నడిపెను. 1938లో వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాలను నెలకొల్పి, పుస్తకములను తానే మోసికొని ఊరూర తిరిగి అమ్మెను. నిజామాబాదు చెరసాలలో తనతో నున్న దాశరథి కృష్ణమాచార్యుల ‘అగ్నిధార’ 1949లో ఈ గ్రంథమాల నుండియే వెలువడినది. ఆళ్వారుస్వామి సొంత నవల ‘ప్రజల మనిషి’ 1955లో గాని లోకమునకు రాలేదు. పదునేడేండ్లు ఇతరుల గ్రంథములను భుజమున వేసికొన్న పిమ్మట తన నవలను చూచుకొన్న ప్రచురణకర్త యాతడు.

ఈ చరిత్ర నుండి గ్రహింపదగినది యొకటి కలదు. ప్రతి ప్రచురణ సంస్థకును తన దారి యుండును. 1980లో ఆరంభమైన హైదరాబాద్ బుక్ ట్రస్టు అనువాదములకును, సామాజిక విషయములకును పేరొందినది. అట్టి సంస్థకు పద్యకావ్యమును పంపి, అది తిరిగి వచ్చినదని వగచుట వలన లాభము లేదు. కావున వ్రాతప్రతిని పంపుటకు ముందు గ్రంథాలయమునకు పోవలెను. తన పుస్తకమునకు చుట్టములనదగిన పుస్తకములను పది తీసి, లోపలి పుటలో ప్రచురణకర్త పేరును, చిరునామాను, ముద్రణ సంవత్సరమును వ్రాసికొనవలెను. ఇటీవలి యేండ్లలో అట్టి పుస్తకములను తెచ్చిన సంస్థలే తన కథలను గూడ చదువదగినవి. ఈ పట్టిక తయారగుటకు నగరములో పరిచయములు అక్కరలేదు.

రెండవ మెట్టు పత్రిక. సంపుటమునకు ముందు నాలుగైదు కథలైనను వార, మాస పత్రికలలో వెలువడుట మేలు. పత్రికా సంపాదకుడు ఎన్నుకొన్న కథ ప్రచురణకర్తకు హామీ వంటిది. కథ ఏ పత్రికలో ఏ తేదీన వచ్చినదో వ్రాసి యుంచుకొనవలెను. పోటీలును ద్వారములే. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’, అడివి బాపిరాజు ‘నారాయణరావు’ నవలలు 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో బహుమతిని పంచుకొన్నవే. ఈ కాలమున 2021లో నేషనల్ బుక్ ట్రస్టు ద్వారా ఆరంభమైన పథకము ముప్పదియేండ్ల లోపు రచయితలను పోటీలో ఎన్నుకొని, ఆరు నెలలు నెలకు 50,000 రూపాయల చొప్పున వేతనమిచ్చి పుస్తకములు వ్రాయించినది. అందు తెలుగునకును చోటు కలదు.

ఇక వ్రాతప్రతి. దానిని యూనికోడ్ అక్షరములతో శుభ్రముగా కూర్చి, పుటల సంఖ్యలు వేసి, మొదటి పుటపై పేరు, చిరునామా వ్రాసి, ఒక నకలును తనవద్ద నుంచుకొని పంపవలెను. వెంట పంపు ఉత్తరము ఒక పుటకు మించరాదు. పుస్తకము దేనిని గూర్చినది, ఎన్ని పుటలు, ఎవరు చదువదగినది, ఇదివరలో ఏ భాగము ఎచట అచ్చయినది అను నాలుగు సంగతులు చాలును. తన్ను తాను పొగడుకొనుట, గొప్పవారి మెప్పులను జతచేయుట వలన చదువరి అభిప్రాయము మారదు. జవాబు వచ్చుటకు నెలలు పట్టవచ్చును. తిరస్కృతి కారణముతో వచ్చినచో అది వెలగల సలహా. కారణము లేకుండ వచ్చినచో పట్టికలోని మరియొక పేరునకు పంపవలెను.

ఇచట ఉపాధ్యాయుల పాత్ర పెద్దది. శిష్యుని వ్రాతను దిద్దునప్పుడు అక్షరదోషమునకును, ఊరి మాటకును గల భేదమును వారు పాటింపవలెను. వత్తులు, గుణింతములు తప్పినచో దిద్దవలసినదే. పాత్రల నోట పలికిన ఖేడు ప్రాంతపు మాటను పాఠ్యపుస్తకపు మాటగా మార్చినచో కథలోని ప్రాణము పోవును. ఆ మాట మరియొక జిల్లా వారికి తెలియదని సంపాదకుడు సందేహించినచో పుట యడుగున అర్థము వ్రాయవచ్చును. మాటనే తీసివేయ నక్కరలేదు. బడిలో పిల్లలు నడపు లిఖిత పత్రికయే అనేకులకు మొదటి ప్రచురణ. ఒకరి వ్రాతను మరియొకరు చదివి దిద్దు అలవాటు అచటనే అబ్బును.

ప్రచురణకర్త అంగీకరించిన దినమున సంతోషముతో పాటు జాగ్రత్తయు కావలెను. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము రచనపై హక్కు వ్రాసిన క్షణముననే రచయితది. రిజిస్ట్రేషను తప్పనిసరి గాదు. అది రచయిత జీవితకాలమును, ఆపై అరువది సంవత్సరములును నిలుచును. ఆ హక్కును ఇతరులకు అప్పగించుట వ్రాతమూలకముగా, సంతకముతో జరుగవలెను. గడువు వ్రాయనిచో అయిదేండ్లనియు, ప్రదేశము చెప్పనిచో భారతదేశము వరకే యనియు చట్టము భావించును. కావున ఒప్పందములో గడువు, ప్రతుల సంఖ్య, రాయల్టీ పాలు, అది ముఖవిలువ మీదనా వచ్చిన సొమ్ము మీదనా అను సంగతి, ఏటేట లెక్క చూపు తేదీ స్పష్టముగా నుండవలెను. సినిమా, అనువాద హక్కులను అడుగనిదే ఇచ్చివేయరాదు. ప్రచురణకర్త ననుచు రచయితనే సొమ్ము పెట్టుమన్నచో అది మొదట చెప్పిన సొంత ముద్రణయే. దానికి సమ్మతించువారు ఆ సంగతి తెలిసి, ఖర్చు లెక్క చూచుకొని సమ్మతింపవలెను.

ఈ మెట్లన్నియు ఎక్కుటకు రెండు మూడేండ్లు పట్టవచ్చును. ఆ కాలము వ్యర్థము గాదు; ప్రతి తిరుగుటపాతో కథ మరికొంత చక్కబడవచ్చును. పెట్టెలో నున్న వ్రాతప్రతిని ఎవ్వరును తిరస్కరింపరు, ఎవ్వరును చదువరు. ఖేడు కథ ఖేడు గ్రంథాలయపు బీరువాలో నిలువవలెనన్నచో, ముందది ఊరు దాటి ఒక పరాయివాని బల్లమీదికి పోవలెను.