ఒక్క అక్షరం తేడా

పుట్టిన బిడ్డకు కాళ్లూ చేతులూ పొట్టిగా ఉండి, నుదురు ముందుకు పొడుచుకొస్తే మన ఇళ్లలో ముందు తల్లినే నిలదీస్తారు. గ్రహణంనాడు బయటికొచ్చావా, ఏం తిన్నావు అని. ఆ తర్వాత మేనరికం మీద పడతారు. నిజానికి అకాండ్రోప్లేసియా అనే ఈ స్థితికి ఇవేవీ కారణం కావు. ఈ బిడ్డల్లో నూటికి 80 మంది మామూలు ఎత్తున్న తల్లిదండ్రులకే పుడతారు. జన్యువులో మార్పు అప్పటికప్పుడు, దాదాపు ఎప్పుడూ తండ్రి వీర్యకణంలోనే వస్తుంది. తండ్రి వయసు పెరిగేకొద్దీ దానికి అవకాశమూ పెరుగుతుంది. తల్లిని నిందించడం అన్యాయం.

ఆ జన్యువు పేరు ఎఫ్‌జీఎఫ్‌ఆర్‌3. నాలుగో క్రోమోజోమ్ మీద ఉంటుంది. అకాండ్రోప్లేసియాకు మూలం ఇదేనని 1994లో తేలింది. పిల్లల పొడవాటి ఎముకల చివర్లలో మృదులాస్థి కణాలు పెరిగి, వరుసకట్టి, గట్టిపడి ఎముకగా మారుతుంటాయి. ఆ పెరుగుదలకు బ్రేకు వేసేది ఈ జన్యువే. ఇందులోని డీఎన్‌ఏలో ఒకే ఒక్క అక్షరం మారితే ఆ బ్రేకు ఇక వదలదు. తెలివితేటలకు ఏ లోటూ ఉండదు. మగవారు సుమారు 131, ఆడవారు 124 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతారు.

అందరి చూపూ ఎత్తు మీదే ఉంటుంది. ప్రమాదం మాత్రం వెన్నులో ఉంది. పుర్రె అడుగుభాగమూ, వెన్నుపూసలూ మృదులాస్థి నుంచే తయారవుతాయి కాబట్టి వెన్నుపాము సాగే దారి పుట్టుకతోనే ఇరుకు. పసితనంలో పుర్రె కింది రంధ్రం దగ్గర ఒత్తిడి పడితే నిద్రలో ఊపిరి ఆగుతుంది, ప్రాణమే పోవచ్చు. నడుం నిలవకముందే దిండ్లు ఆనించి కూర్చోబెడితే గూని ముదురుతుంది. అలా చేయకపోతే, నడక వచ్చాక చాలామందిలో గూని దానంతటదే సర్దుకుంటుంది. పెద్దయ్యాక నడుం దగ్గర నరాలు నలుగుతాయి. కాస్త దూరం నడిస్తే కాళ్లు తిమ్మిరెక్కుతాయి, గొంతుక్కూర్చుంటే తగ్గుతుంది. దాన్ని వయసు నొప్పులని వదిలేయకూడదు. మూత్రం మీద అదుపు తప్పితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆపరేషన్‌తో ఆ దారిని వెడల్పు చేస్తారు.

పొట్టితనమంతా ఒకటే జబ్బు కాదు. ఉదాహరణకు మోర్కియో సిండ్రోమ్‌లో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపమున్న జన్యువులూ కలవాలి. అక్కడ మేనరికం ముప్పును పెంచే మాట నిజం. ఏది ఏదో జన్యు పరీక్షతో తేల్చుకోవచ్చు.

2021లో యూరప్, అమెరికా అకాండ్రోప్లేసియాకు వోసోరిటైడ్ అనే మందుకు అనుమతినిచ్చాయి. ఎదుగుతున్న వయసులో రోజూ ఇంజెక్షన్ తీసుకోవాలి. పరీక్షల్లో అది ఎదుగుదలను ఏడాదికి ఒకటిన్నర సెంటీమీటర్లకు పైగా పెంచింది.

మీకు తెలిసిన ఇంట్లో ఇలాంటి పసిబిడ్డ ఉంటే ఎత్తు గురించిన దిగులు కాసేపు పక్కన పెట్టమనండి. నిద్రలో గురక, ఊపిరి తీరు గమనించమనండి. మెడ దగ్గర ఎమ్మారై తీయాలేమో డాక్టర్ని ఇప్పుడే అడగమనండి.